పాత పాట, కొత్త పాట: జానపద గేయ విమర్శలో కాలప్రమాణం – స్టూవర్టుపురం నుంచి ఒక పునఃపరిశీలన

ప్రవేశిక

జానపద గేయాన్ని గురించిన తెలుగు విమర్శలో పాత, కొత్తల వివాదం ఎడతెగనిది. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాటే జానపదమని, పల్లె యాసలో ఇప్పుడు కట్టిన పాట దానికి అనుకరణ మాత్రమేనని ఒక పక్షం అంటుంది. జనం ఉన్నంతకాలం జానపదం పుడుతూనే ఉంటుందని, పాతదాన్నే అసలైనదిగా ఎంచడం జీవకళను ప్రదర్శనశాలకు అప్పగించడమేనని రెండవ పక్షం అంటుంది. పల్లె వరుసతో వచ్చిన సినిమా పాటకు ఆదరణ లభించిన ప్రతిసారీ ఈ రెండు వాదాలు మళ్లీ ముందుకు వస్తాయి. 'నాటు నాటు' పాటకు 2023లో ఆస్కార్ పురస్కారం వచ్చినప్పుడు ఇదే జరిగింది. 2021లో 'సారంగదరియా' పాట చుట్టూ చెలరేగిన చర్చలోనూ ఇదే జరిగింది.

ఈ రెండు పక్షాలు పైకి విరుద్ధంగా కనిపించినా పాటను కొలవడానికి వాడే కొలబద్ద ఒక్కటే. అది కాలం. పాట ఎప్పటిదన్న ప్రశ్న ముందుండటం వల్ల, పాడేవారు ఎవరు, ఆ పాటపై వారికి ఉన్న అధికారం ఏమిటి అన్న ప్రశ్నలు వెనుకబడిపోయాయి. ఈ లోటు ఎంతటిదో తెలియాలంటే, రెండు నిర్వచనాలూ చేతులెత్తేసే ఒక స్థలంలో వాటిని పరీక్షించాలి. బాపట్ల, చీరాలల నడుమ ఉన్న స్టూవర్టుపురం అటువంటి స్థలం. ఎరుకల వారిని స్థిరపరచడానికి వలస ప్రభుత్వ కాలంలో ఏర్పడిన ఈ ఊరు తెలుగువారికి నేరకథల ద్వారా తెలిసినంతగా పాట ద్వారా తెలియదు. ఎందుకు తెలియదన్నదే ఈ వ్యాసానికి మూల ప్రశ్న.

ప్రాచీనతా పక్షం

జానపద గేయ పరిశోధనకు తెలుగులో శాస్త్రీయమైన పునాది వేసినవారిలో బిరుదురాజు రామరాజు అగ్రగణ్యులు. వారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడింది. అంతకుముందే నందిరాజు చలపతిరావు స్త్రీల పాటలను అచ్చువేశారు. నేదునూరి గంగాధరం, హరి ఆదిశేషువు, కృష్ణశ్రీ మొదలైనవారు పల్లెపాటలను సేకరించి, పరిచయం చేశారు. ఈ కృషి ఫలితంగా జానపద గేయానికి కొన్ని లక్షణాలు స్థిరపడ్డాయి. మౌఖిక ప్రసారం, అజ్ఞాత కర్తృత్వం, సామూహికత, పాఠాంతరాలు ఉండటం, సందర్భంతో ముడిపడి ఉండటం వాటిలో ముఖ్యమైనవి.

ఈ లక్షణాలను తేలికగా తీసివేయడానికి వీలులేదు. అవి లేకపోతే నండూరి వెంకట సుబ్బారావు 'ఎంకి పాటలు', నాట్ల వేళ కూలివారు పాడుకునే పాటలు ఒకే రాశిలో కలిసిపోతాయి. జానపదుల నుడిని, వరుసను స్వీకరించి ఒక విద్యావంతుడు కట్టిన భావగేయం ఎంకి పాట. దాని సౌందర్యం నిస్సందేహమే అయినా దాని పుట్టుక వేరు. అమెరికా జానపద విజ్ఞాని రిచర్డ్ డార్సన్ 1950లో జానపదం పేరిట చెలామణి అయ్యే కల్పిత సామగ్రిని నకిలీ జానపదమని వేరుచేసి, దానికొక కొత్త పేరు పెట్టిన ఉద్దేశం కూడా ఇటువంటిదే. ప్రాచీనతా పక్షం వాదంలోని బలం ఇది. అచ్చుకు, సినిమాకు, రికార్డుకు అందని జనజీవితం ఒకటి ఉందని, దానికి సొంత కళాసంప్రదాయం ఉందని అది గుర్తుచేస్తూ వచ్చింది.

అయితే ఈ పక్షం ఆశ్రయించే ప్రాచీన సాక్ష్యాలే దాని కాలప్రమాణానికి అడ్డు తగులుతాయి. తెలుగు జానపద గేయాల ప్రాచీనతకు పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర' ప్రధానాధారం. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, శంకర పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అందులో పేర్కొనబడ్డాయి. ఈ పేర్లను నిశితంగా చూస్తే అవన్నీ ఒక కోవకు చెందినవి కావని తెలుస్తుంది. తుమ్మెద, గొబ్బి, వెన్నెల జనజీవితంలోంచి వచ్చిన పేర్లు. శంకర, పర్వత పదాలు శైవభక్తి ప్రభావాన్ని చెబుతున్నాయి. శ్రీశైల యాత్రికుల నోట పర్వత పదం పలికిన కాలానికి అది పాత పాట కాదు. ఒక కొత్త మతోద్యమం జనం నోట పలికించిన పాట. 15వ శతాబ్దంలో అన్నమాచార్యులు ఏల, సువ్వి, గొబ్బి, చందమామ వరుసలను వేంకటేశ్వర భక్తికి వినియోగించినప్పుడూ ఇదే జరిగింది. అంటే మనకు దొరికే అతి పాత సాక్ష్యం సైతం ఒక కొత్త పాటను గురించిన సాక్ష్యమే. దానికి పూర్వం ఉన్న శుద్ధమైన పాటను ఊహించవచ్చు గాని చూపించలేము.

నవ్యతా పక్షం

రెండవ పక్షానికి ఆధారం 20వ శతాబ్దపు ప్రజా ఉద్యమాలు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగం కథ నుంచి రూపొందిన బుర్రకథను సమకాలీన రాజకీయ వస్తువుకు వాహకం చేసింది. గుంటూరు సమీపంలోని పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ ఈ కళను తెలుగునాట ఇంటింటికీ పరిచయం చేశారు. నడుమ తంబూరతో కథకుడు, ఇరుపక్కల గుమ్మెటలతో హాస్యపు వంత, రాజకీయపు వంత ఉండే ఆ కూర్పులో రాజకీయపు వంత నాటి అవసరం తీర్చిదిద్దిన పాత్ర. పాత కథను చెబుతూనే దానిలోంచి నేటి ప్రశ్నను లేవనెత్తడానికి అది ద్వారం తెరిచింది. 'పల్నాటి యుద్ధం', 'అల్లూరి సీతారామరాజు' కథలను నాజర్ చెప్పిన తీరులో ఈ ద్వారమే ప్రాణం.

1972లో ఏర్పడిన జననాట్యమండలి, గద్దర్, వంగపండు ప్రసాదరావు, ఆ తరువాత గోరటి వెంకన్న ఈ దారిని విస్తరించారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట 1979లో నిర్మితమైన 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతులో వినిపించి కొత్త తరాలకు చేరింది. ఆ పాటను పాడుకున్నవారిలో కర్త పేరు తెలిసినవారికంటే తెలియనివారే ఎక్కువ. చరణాలు చేర్చి పాడినవారూ ఉన్నారు. కర్త తెలిసిన పాట మౌఖిక జీవితంలోకి ప్రవేశించి జానపద స్వభావాన్ని పొందగలదనడానికి ఇది తగిన ఉదాహరణ. గోరటి వెంకన్న 'వల్లంకి తాళం' సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించడం పాటను కవిత్వంగా శిష్టసంస్థలు అంగీకరించిన ఘట్టం. కనీసం ఒక సమాన లక్షణం గల ఏ సమూహమైనా జానపద సమూహమేనన్న అలన్ డండీస్ ప్రతిపాదన ఈ పక్షానికి సిద్ధాంత బలాన్ని ఇస్తుంది. పల్లెటూరే కానక్కరలేదు, నిరక్షరాస్యతే ఉండనక్కరలేదు.

ఈ వాదంలోనూ లోపం ఉంది. కొత్తదనానికి తలుపులు పూర్తిగా తెరిచిన తరువాత, జనం కట్టిన పాటకు, జనం కోసం కట్టిన పాటకు, జనం పేరు చెప్పి అమ్మిన పాటకు మధ్య గీత గీయడానికి దాని దగ్గర సాధనం లేదు. ఉద్యమ గీతాన్ని సమర్థించడానికి పుట్టిన తర్కం సినిమాలోని ప్రత్యేక గీతానికీ చక్కగా పనికివస్తుంది. జీవకళ మారుతుంది, జనం ఆదరించారు, కనుక ఇది జానపదమే అన్న వాక్యాన్ని నిర్మాత కూడా అంతే సులువుగా అనగలడు.

రెండు నిర్వచనాలు, ఒకే ఫలితం

ఈ చిక్కు తెలుగుకు ప్రత్యేకమైనది కాదు. అమెరికాలో పల్లె సంగీతంగా పేరొందిన కంట్రీ సంగీతం తొలి రోజుల నుంచి ఇదే వాదంతో సతమతమవుతోంది. 1927లో బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పీర్ చేసిన రికార్డింగులు ఆ సంగీతానికి ఆరంభ ఘట్టాలుగా చెప్పబడుతున్నాయి. అందులో పాడిన కార్టర్ కుటుంబం పాటలు నేటికీ పాత, అసలైన కంట్రీ సంగీతానికి గీటురాళ్లు. అయితే ఎ.పి. కార్టర్ కొండప్రాంతాలలో తిరిగి ఆ పాటలను సేకరించినప్పుడు వెంట నడిచి, వరుసలను గుర్తుపెట్టుకుని తెచ్చిన నల్లజాతి గాయకుడు లెస్లీ రిడిల్ పేరు చాలాకాలం వినిపించలేదు. ఊరి పాటలు కార్టర్ పేరున హక్కులు పొందాయి. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి యువకుని 'ఓల్డ్ టౌన్ రోడ్' పాటను బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టిక నుంచి తొలగించింది. ఆ పాటలో కంట్రీ సంగీత లక్షణాలు చాలినంతగా లేవన్నది చెప్పిన కారణం. మొదటి సందర్భంలో పాట పాతదన్న పేరుతో పాడినవారు కనుమరుగయ్యారు. రెండవ సందర్భంలో పాట కొత్తదన్న పేరుతో పాడినవారు బయటికి వెళ్లారు. పాత, కొత్తల తీర్పు ఎటు జరిగినా నష్టపోయినవారి స్థానం మారలేదు.

'సారంగదరియా' చర్చను ఈ దృష్టితో చూడాలి. టెలివిజన్ వేదికపై ఆ పాటను తాను వెలుగులోకి తెచ్చానని ఒక జానపద గాయని అన్నారు. జానపదం ఎవరి సొంతమూ కాదని, జనం సొత్తని ఎదుటి వాదం. సాహిత్య లక్షణంగా చూస్తే ఎదుటి వాదం తప్పు కాదు. అజ్ఞాత కర్తృత్వం, సామూహికత అన్న పాత నిర్వచనాలే దానికి ఆధారం. అయితే 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కర్త తెలియని పాత పాటకు రక్షణ లేదు. దాని ఆధారంగా రాసిన కొత్త పాఠానికి రక్షణ ఉంది. 1994లో ప్రదర్శకుల హక్కులను, 2012లో ప్రదర్శకులకు రాయల్టీని ఆ చట్టంలో చేర్చారు గాని, అవి ఒక నిర్దిష్ట ప్రదర్శనకు వర్తించేవి. పాటను మోసుకువచ్చిన పరంపరకు అవి వర్తించవు. పరిశోధకులు గౌరవంతో చేసిన నిర్వచనం బజారులో ఉచితంగా ఎత్తుకుపోవడానికి అనుమతి పత్రమవుతోంది. అందరిదీ అన్న పాట చివరకు ఒకరి ఖాతాలో జమ అవుతోంది.

ఈ స్థితిలో పాట వయస్సును బట్టి విలువ కట్టే పద్ధతి ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి స్టూవర్టుపురం వద్దకు రావలసి ఉంది.

పాటలో ఎరుకలసాని, పాట లేని ఎరుకల ఊరు

తెలుగు సాహిత్యానికి ఎరుకత కొత్త పాత్ర కాదు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్లి ధరణీదేవికి ఎరుక చెప్పిన కథ తెలుగువారికి చిరపరిచితం. యక్షగానాలలో ఎరుకత ప్రవేశం ఒక ఆనవాయితీ. తంజావూరు శాహజీ ఆస్థానంలో దర్భా గిరిరాజకవి రచించిన 'రాజమోహన కొరవంజి' వంటి రచనలలో ఆమెకు కథానిర్వహణలోనే ప్రధాన స్థానం ఉంది. ఆమె గంపతో, కోలతో వస్తుంది. తాను తిరిగిన కొండలను, దేశాలను ఏకరువు పెడుతుంది. కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, కాశీ విశాలాక్షిని తలుస్తుంది. చేయి పట్టి చూస్తుంది. నాయిక మనసులోని మాటను బయటపెట్టి, బహుమానం పుచ్చుకుని వెళ్లిపోతుంది.

ఈ నిర్మాణం కవులు శూన్యంలోంచి కల్పించినది కాదు. ఇంటి ముందు కూర్చుని సోది చెప్పే స్త్రీ ప్రదర్శనలో ఉన్న క్రమాన్నే వారు స్వీకరించారు. దేవతా స్మరణ, దేశాల వరుస, వినేవారి ముఖకవళికలను బట్టి మలుపు తిరిగే కథనం, నమ్మకం కలిగించే లయ అన్నీ ఆమె విద్యలోనివి. ఆశువుగా చెప్పవలసిన విద్య కనుక ఆమె ప్రతి ఇంటి ముందు ఒక కొత్త పాఠాన్ని కడుతుంది. పాత చట్రంలో అప్పటికప్పుడు కొత్త పాట అన్నమాట. పాత, కొత్త అన్న విభజన ఆమె కళకు అసలు వర్తించదు. రాజాస్థానంలోకి వెళ్లిన ఎరుక తాళపత్రాలకెక్కి స్థిరపడింది, కర్త పేరు సంపాదించుకుంది. వాకిట్లో చెప్పిన ఎరుక ఆ వాకిట్లోనే ఆగిపోయింది. సాహిత్య చరిత్ర మొదటిదాన్ని భద్రపరచింది. రెండవదాన్ని మూఢనమ్మకాల పద్దులో వేసింది.

వలసపాలనలో నమోదైన పత్రాలు ఈ దూరాన్ని మరింత పెంచాయి. 1892లో ముల్లాలీ మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాలపై రాసిన పుస్తకం పోలీసుల ఉపయోగం కోసం రాసినది. 1909లో వెలువడిన థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో కొరవలను గురించిన విస్తారమైన అధ్యాయం ఉంది. అందులో సోది చెప్పడం, భాష, ఆచారాలు ప్రస్తావనకు వచ్చినా, దొంగతనపు పద్ధతులపై చూపిన శ్రద్ధ వారి కళపై లేదు. ఎరుకలవారి మాటలో పోలీసు సంకేతాలను వెతికాడు, లయను వెతకలేదు. ఇతర సమూహాల పాటలు సేకర్తల సంపుటాలలోకి ఎక్కుతున్న దశాబ్దాలలోనే ఎరుకలవారు పోలీసు పుస్తకాలలోకి ఎక్కారు.

ఎరుకలవారు ఒకప్పుడు తీరం నుంచి లోపలి ప్రాంతాలకు పశువులపై ఉప్పు, తిరుగు ప్రయాణంలో ధాన్యం మోసుకుపోయిన సంచార వర్తకులు. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ జీవనాధారాన్ని దెబ్బతీశాయి. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటి చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. దాని వెన్నంటే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన ఈ సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. సీతానగరం, కావలి, సిద్ధాపురం సెటిల్‌మెంట్లు కూడా ఆ విధానంలోనివే. హాజరు పట్టీ, అనుమతి పత్రం, సేద్యం, చీరాల పొగాకు కర్మాగారంలో కూలిపని అక్కడి దినచర్యలో భాగమయ్యాయి. ఆ చట్టం రద్దయ్యేవరకు ఈ ముద్ర చట్టబద్ధం. ఆ తరువాత అది సామాజికంగా కొనసాగింది. 1970వ దశకంలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టవలసి రావడమే అందుకు నిదర్శనం.

ఎరుక చెప్పడం నడక మీద ఆధారపడిన విద్య. పరాయి ఊరు, పరాయి వాకిలి, అపరిచిత శ్రోత లేనిదే ఆ ప్రదర్శన లేదు. ఊరు దాటడానికి అనుమతి పత్రం కావలసిన సమూహంలో ఆ విద్య స్థితి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఏకరువు పెట్టడానికి కొండలు, దేశాలు ఉండాలంటే వాటిని తిరిగి ఉండాలి. పాట క్షీణించడానికి ఆధునికత, గ్రామఫోను, సినిమా కారణాలని సాధారణంగా చెబుతారు. ఇక్కడ చట్టం ఒక కారణమన్న సంగతిని జానపద గేయ విమర్శ లెక్కలోకి తీసుకోలేదు.

పాట రెండు నిర్వచనాలకూ అందని చోటు

ఇప్పుడు రెండు పక్షాల నిర్వచనాలను ఈ ఊరికి వర్తింపజేసి చూడవచ్చు. ప్రాచీనతే ప్రమాణమైతే స్టూవర్టుపురానికి చెప్పుకోదగిన జానపద సంగీతం లేదనవలసి వస్తుంది. ఊరి వయస్సే శతాబ్దానికి కొంచెం పైన. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కూర్చిన కుటుంబాలకు తరతరాల గ్రామ సంప్రదాయం ఉండదు. చట్టం తెంచిన పరంపరను చూపి, పరంపర లేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. తెలుగు నడుమ నివసిస్తూ ఎరుకలవారు ఇంట మాట్లాడుకునే కుర్రు భాషలో ఉన్న పాట తెలుగు జానపద గేయ సంకలనంలోకి రావడానికి భాషాపరమైన అడ్డంకి కూడా ఉంది. తెలుగు జానపదం అన్న మాటలో తెలుగు అన్నది భాషా? నేలా? ఈ ప్రశ్నను సంకలనకర్తలు వేసుకోకపోవడం వల్ల ఈ నేల మీద పుట్టిన కొన్ని పాటలు ఎవరి లెక్కలోనూ లేకుండా పోయాయి.

కొత్తదనమే ప్రమాణమైతే మరొక చిక్కు. సాల్వేషన్ ఆర్మీ సంగీతాన్ని సాధనంగా వాడుకున్న సంస్థ. 1882లో భారతదేశానికి వచ్చిన తొలి బృందం బొంబాయి వీధులలో వాద్యాలతో ఊరేగింపులు తీసి అరెస్టులు ఎదుర్కొంది. ఇత్తడి వాద్యాల బృందం, వీధి వరుసలపై కట్టిన భక్తిగీతం దానికి ప్రపంచవ్యాప్తంగా గుర్తులు. తెలుగు క్రైస్తవ గీతానికి అప్పటికే పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళ బద్ధమైన కీర్తన మార్గాన్ని ఏర్పరచి ఉన్నారు. సెటిల్‌మెంటు జీవితంలోకి ప్రార్థనతో పాటు వచ్చిన ఈ సంగీతం ప్రాచీనతా పక్షానికి పరాయిది, నవ్యతా పక్షానికి రుచించనిది. అది ఉద్యమం నుంచి రాలేదు. అధికారం నుంచి వచ్చింది. అయినా కష్టసుఖాలలో, పెళ్లిలో, చావులో ఒక సమూహం మూడు నాలుగు తరాలు పాడుకున్న పాటను ఆ సమూహపు పాట కాదనే హక్కు విమర్శకునికి ఉందా? పర్వత పదాన్ని జానపదంగా అంగీకరించిన విమర్శ ప్రార్థన గీతాన్ని అంగీకరించకపోవడానికి కాలం తప్ప వేరే కారణం కనిపించదు.

ఇక సినిమా. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో 'స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్' చిత్రం వచ్చింది. సంగీతం ఇళయరాజాది. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' ఆ ఊరి నేపథ్యంతోనే నిర్మితమైంది. దానికి జి.వి. ప్రకాశ్ కుమార్ సంగీతం సమకూర్చారు. ఈ చిత్రాలలో ఊరి పేరు ఉంది, నేరం ఉంది, పోలీసు ఉన్నాడు. ఆ ఊరిదని గుర్తుపట్టదగిన వరుస లేదు. పాటలు ఏ ఊరి కథకైనా సరిపోయే వినోద గీతాలు. ఆ స్థానంలో ఒక నిజమైన ఎరుకల వరుసను తెచ్చి పెట్టి ఉంటే ప్రాచీనతా పక్షం తృప్తిపడేది. కాని ఆ వరుస ఎవరి నోటి నుంచి తీసుకున్నది, పేరు ఎవరికి వచ్చింది అన్న ప్రశ్న అప్పుడు కూడా మిగిలే ఉంటుంది. తంజావూరు కొరవంజి నుంచి నేటి తెర వరకు ఈ సంబంధంలో మౌలికమైన మార్పు లేదు. ఎరుకలవారు పాటకు వస్తువు అవుతున్నారు, కర్తలు కాలేకపోతున్నారు.

కాలానికి బదులు మూడు ప్రశ్నలు

పై పరిశీలన నుంచి జానపద గేయాన్ని నిర్ణయించడానికి కాలం కంటే పనికివచ్చే మూడు ప్రశ్నలను ప్రతిపాదించవచ్చు. పాడేవారి జీవితంలో ఆ పాటకు ఉన్న చోటు ఏది? పాటను మార్చుకునే స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉంది? పాట వల్ల వచ్చే పేరు, ప్రతిఫలం, గౌరవం ఎటు పోతున్నాయి?

ఈ ప్రశ్నలతో చూస్తే కొన్ని పాత తీర్పులు తారుమారవుతాయి. వాకిటి సోది మూడు ప్రశ్నలకూ నిలుస్తుంది. కొరవంజి నాటకం కావ్యంగా ఎంత రమ్యమైనా రెండు, మూడు ప్రశ్నల వద్ద ఆగిపోతుంది. నాజర్ బుర్రకథ పాత రూపాన్ని బాగా మార్చినా, దాన్ని నేర్చుకున్న దళాలు ఊరూరా సొంత కథలు కట్టుకోగలిగాయి కనుక అది జనానికి తిరిగి చేరిన కళ. తన ఆత్మకథకు తన కులం పేరునే 'పింజారి' అని పెట్టుకున్న కళాకారునికి పాడేవాడు ఎవరన్న ప్రశ్న విలువ తెలియనిది కాదు. ప్రార్థన గీతం పుట్టుకలో అధికారం ఉన్నా, వాడుకలో సమూహానిదైన మేరకు జానపద పరిధిలోకి వస్తుంది. సినిమా పాట పెళ్లి ఊరేగింపులో జనం చేతికి చిక్కి, మాటలు మార్చుకున్నప్పుడు జానపద జీవితాన్ని మొదలుపెడుతుంది. తెర మీద ఉన్నంతసేపు దానికి ఆ పేరు రాదు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. కాలాన్ని పక్కన పెడితే పాఠ చరిత్ర దెబ్బతింటుందన్నది మొదటిది. కాలనిర్ణయం పరిశోధకుని పని. దాన్ని ఎవరూ మానుకోమనడం లేదు. ఒక పాట 13వ శతాబ్దపుదని తేల్చడం చరిత్ర. అందువల్ల అది నిన్నటి పాట కంటే జానపదమని తేల్చడం విలువ నిర్ణయం. ఈ రెండింటిని కలపడం వల్లనే చిక్కు వచ్చింది. పాడేవారి ప్రశ్నను ముందుంచితే ఏ కులం పాట ఆ కులమే పాడాలన్న సంకుచితత్వానికి దారితీస్తుందన్నది రెండవ అభ్యంతరం. ఇది ఇంకా బలమైనది. పాట చేతులు మారకుండా బతకదు. జంగాల కథ నాజర్ చేతికి రాకపోతే తెలుగుకు ఒక మహాకళాకారుడు దక్కేవాడు కాడు. అందువల్ల ఇక్కడ కోరుతున్నది పాట చుట్టూ కంచె వేయడం కాదు. ఇచ్చిన చేయి పేరు చెప్పడం, ఆ చేతికి తిరిగి అందే దారి తెరిచి ఉంచడం మాత్రమే.

ముగింపు

విశ్వవిద్యాలయాలలో జరిగే సేకరణకు దీనివల్ల కొన్ని ఆచరణాత్మక ఫలితాలు ఉన్నాయి. పాట పాఠం కింద సేకరించిన ఊరు, జిల్లా రాసి వదలడం చాలదు. పాడినవారు అంగీకరిస్తే వారి పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు, పాఠంలో తాము చేసిన మార్పు ఏమిటి అన్నవి పాఠంలో భాగంగానే నమోదు కావాలి. పరిశోధకుడు పాతది కాదని పక్కన పెట్టే ప్రార్థన గీతం, సినిమా వరుసపై కట్టుకున్న పెళ్లిపాట కూడా అదే చోట చేరాలి. తెలుగు నేల మీద వినిపించే కుర్రు భాష పాటను తెలుగు లిపిలో, అర్థ వివరణతో నమోదు చేయడం తెలుగు శాఖల బాధ్యతే. రేపు ఆ పాట ఏ వేదిక మీదనైనా వినిపించినప్పుడు, అజ్ఞాత కర్తృకమన్న మాట చాటున దాన్ని పాడినవారు మాయం కాకుండా ఈ నమోదు అడ్డుపడుతుంది.

స్టూవర్టుపురం 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉంది. దాని పేరు మీద ఒక స్టేషను కూడా ఉంది. విజయవాడ నుంచి గూడూరు వైపు వెళ్లే రైలు ప్రయాణికులకు ఆ పలక కనిపిస్తుంది. ఆ పేరు చూడగానే తెలుగువారికి కథలు గుర్తుకు వస్తాయి. ఆ కథలన్నీ ఇతరులు చెప్పినవి. నోటితో దేశాలను ఏకరువు పెట్టగలిగిన విద్య ఉన్నవారికి తమను గురించి తాము చెప్పుకున్న పాట ఒక్కటైనా సాహిత్య చరిత్రలో లేకపోవడం వారి లోపం కాదు. అది విన్నవారి లోపం, ముఖ్యంగా వినడమే వృత్తిగా గల పరిశోధకుల లోపం. పాట పాతదా, కొత్తదా అని అడగడానికి ముందు, పాడుతున్నది ఎవరని అడగడంతో ఆ లోపాన్ని సవరించుకోవడం మొదలుపెట్టవచ్చు.